‘నెట్ రావట్లేదు’ అన్న ప్రతిసారీ అది సాకు కాదు



ఈ నెల మీతో ఒక చిన్న సాంకేతిక విషయం మాట్లాడాలనుకుంటున్నాను. విషయం చిన్నదే. కానీ దసరా సెలవుల ఆఖరి రాత్రి మా ఇంట్లో అమ్మాయి అన్నం తినకుండా పడుకోవడానికి అదే కారణమైంది. తప్పు నాది. రోజూ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి ఆ తప్పు ఇంకాస్త పెద్దది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో సైన్స్ ప్రాజెక్టు ఇచ్చారు, పంటల గురించి. రాత్రి 9 గంటల లోపు పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి. ఏడున్నరకి ల్యాప్‌టాప్ తెరిచి, ‘నాన్నా, నెట్ రావట్లేదు’ అంది. నా ఫోన్ చూసుకున్నాను. అదే వైఫై మీద వాట్సాప్ వస్తోంది, వీడియో కూడా ఆడుతోంది. ‘నా ఫోన్‌లో వస్తోందిగా, నీకెందుకు రాదు?’ అన్నాను. రూటర్ ఒకసారి ఆపి వేశాను. మళ్లీ అదే మాట. రెండోసారి ఆపి వేశాను. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే ‘మా లైన్ బాగానే ఉంది సార్’ అన్నాడు. అప్పుడు నా నోటి వెంట రాకూడని మాట వచ్చింది. ‘పది రోజులు ఆడుకుని ఇప్పుడు నెట్ మీద పెడుతున్నావా?’ అన్నాను.

ఆ పిల్ల ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. ప్రాజెక్టు మొత్తం తయారుగా ఉంది. ఊళ్లో వాళ్ల తాతయ్య పొలంలో తీసిన ఫొటోలు, కింద తను రాసుకున్న వివరాలు, అన్నీ ఉన్నాయి. మిగిలింది అప్‌లోడ్ చేయడమే. కాసేపయ్యాక, ‘నువ్వే కదా నాన్నా క్లాసులో చెప్తావు, పింగ్ కొట్టి చూడమని. కొట్టావా?’ అంది. లేదు, కొట్టలేదు. ఇంట్లో నేను మాస్టారిని కాదు, అందరిలాంటి నాన్ననే.

పింగ్ కొట్టి చూశాక సంగతి రెండు నిమిషాల్లో బయటపడింది. సెలవుల మొదట్లో నేను ఒక శిక్షణ తరగతికి ఆ ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. అక్కడి నెట్‌వర్క్‌లో పని చేయడానికి వాళ్ల సొంత సర్వర్ నంబరును అందులో డీఎన్ఎస్‌గా పెట్టమన్నారు, పెట్టాను. తిరిగొచ్చాక తీసేయడం మర్చిపోయి సంచిలోనే ఉంచేశాను. ఆ సర్వర్ మా ఇంట్లో లేదు కదా. లేనివాణ్ని పట్టుకుని ల్యాప్‌టాప్ గంటన్నర సేపు దారి అడుగుతూ కూర్చుంది. సెట్టింగ్ సరిచేసేసరికి 9 దాటింది. పోర్టల్ మూసేశారు.

డీఎన్ఎస్ అంటే ఏమిటి?

మనకు తెలియని పేటలో ఎవరింటికో వెళ్లాలి. ఇంటాయన పేరు తెలుసు గానీ డోర్ నంబరు తెలియదు. వీధి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆగి అడుగుతాం. అతను నంబరు చెబుతాడు, మనం వెళ్తాం. ఇంటర్నెట్‌లో కూడా ఇదే వరస. మనకు వెబ్‌సైట్ల పేర్లు తెలుసు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరుకునేది మాత్రం అంకెలతో. పేరు చెబితే అంకెలు చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్. దీన్ని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. అంతకు ముందు ఈ పేర్లూ అంకెలూ అన్నీ ఒకే ఫైలులో రాసి ఉండేవి, ప్రతి కంప్యూటరూ దాని నకలు తెచ్చుకునేది. కంప్యూటర్ల సంఖ్య పెరిగాక ఆ పద్ధతి సాగలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఈ పోలికలోనే చూడండి. రోడ్డు బాగుంది, బండి బాగుంది, పెట్రోలు ఉంది. వెళ్లాల్సిన ఇల్లూ అక్కడే ఉంది. కానీ దారి అడగమని చెప్పిన కొట్టు మూసి ఉంది. అందుకే వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, ‘కనెక్టెడ్’ అనీ ఉంటుంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. పక్కనే ఉన్న ఫోన్ వేరే కొట్టులో అడుగుతుంది కాబట్టి దానికి అన్నీ వస్తాయి. చూసేవాళ్లకి మాత్రం పిల్ల అబద్ధం చెబుతున్నట్టే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ‘నాకు వస్తోంది, నీకెందుకు రాదు’ అన్నది తీర్పు కాకూడదు. ఒక పరికరంలో వచ్చి ఇంకోదానిలో రాకపోవడం డీఎన్ఎస్ లోపానికి బాగా తెలిసిన లక్షణం. పిల్లల నిజాయితీని అనుమానించే ముందు మూడు నిమిషాలు సెట్టింగును అనుమానించండి. నిజంగా సాకే అయితే అది కూడా ఆ మూడు నిమిషాల్లోనే తేలిపోతుంది, ఎవర్నీ ఒక్క మాట అనక్కర్లేకుండా.

మూడు నిమిషాల పరీక్ష

ముందుగా ఒక జాగ్రత్త. గడువు దగ్గర పడి ఉంటే బాగు చేయడం తర్వాత చూసుకోవచ్చు. పిల్లల ఫైలును పెన్‌డ్రైవ్‌లోనో, కేబుల్‌తో ఫోన్‌లోకో ఎక్కించి అక్కడి నుంచి పంపేయండి. ఆ రాత్రి నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కోపంలో ఆ ఆలోచనే రాలేదు.

తర్వాత వరసగా మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, రానిది ఒక్క వెబ్‌సైటా, అన్నీనా? ఒక్కటే అయితే లోపం చాలావరకు ఆ వెబ్‌సైట్ వాళ్లదే. 2021 అక్టోబర్ 4 రాత్రి గుర్తుందా? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దాదాపు 6 గంటలు ఆగిపోయాయి. ఆ సంస్థ సొంత నెట్‌వర్క్‌లో జరిగిన పొరపాటు వల్ల దాని పేర్లకు అంకెలు చెప్పే సర్వర్లే బయటి ప్రపంచానికి అందకుండా పోయాయి. అలాంటప్పుడు ఇంట్లో రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు.

రెండు, ఇంట్లో అన్ని పరికరాలకూ రావడం లేదా, ఒక్కదానికేనా? చూసేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, వైఫై మీదే చూడండి. లేకపోతే ఫోన్ సిమ్ మీద నడుస్తుంటే మనం వైఫై బాగుందనుకుంటాం. అన్నిటికీ రాకపోతే రూటర్ గానీ లైన్ గానీ కారణం, ఆపరేటర్‌ని పిలవండి. ఒక్కదానికే రాకపోతే లోపం ఆ పరికరంలోనే ఉంది. ఆపరేటర్ వచ్చినా ‘లైన్ ఓకే’ అని వెళ్లిపోతాడు. అతను చెప్పేది నిజమే కూడా.

మూడు, అంకెలతో వెళ్తే చేరుతోందా? విండోస్ కంప్యూటర్‌లో స్టార్ట్ దగ్గర కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరవండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలతో పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 అని రాసి ఎంటర్ నొక్కండి. అది గూగుల్ అందరికీ ఇచ్చిన డీఎన్ఎస్ సర్వర్ నంబరు. ‘రిప్లై ఫ్రమ్’ అని నాలుగు వరసలు వస్తే రోడ్డు బాగున్నట్టే. ఇప్పుడు అంకెల చోట ఏదైనా తెలిసిన వెబ్‌సైట్ పేరు పెట్టి మళ్లీ కొట్టండి. ఆ పేరు దొరకలేదని జవాబు వస్తే దొంగ దొరికినట్టే. అంకెలతో చేరుతోంది, పేరుతో చేరడం లేదు. అంటే లోపం డీఎన్ఎస్‌లో.

సరిచేయడం ఎలా?

కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరవండి. ఎడమ పక్కన చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్ ఉంటుంది. అందులో వైఫై మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. జాబితాలో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 అన్నదాన్ని ఎంచుకుని మళ్లీ ప్రాపర్టీస్ నొక్కండి. కింది సగంలో డీఎన్ఎస్ సంగతి ఉంటుంది. అక్కడ ఎవరో చేత్తో రాసిన అంకెలు కనిపిస్తే ముందు వాటిని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత పైనున్న ‘ఆటోమేటికల్లీ’ అన్న చుక్కను ఎంచుకుని ఓకే చేయండి. కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేస్తే పాత జ్ఞాపకం కూడా పోతుంది. ఇళ్లలో చాలావరకు ఇంతటితో సరిపోతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం కింద ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఆటల్లో ప్రకటనలు రాకుండా చేయడానికి పిల్లలు ఇక్కడ ఏదో ఒక పేరు పెడుతుంటారు. ఆ పేరులో ఒక్క అక్షరం తప్పినా, ఆ సర్వర్ పని చేయకపోయినా, వైఫై మీదా సిమ్ మీదా రెండింటి మీదా నెట్ ఆగిపోతుంది. దాన్ని ‘ఆటోమేటిక్’ మీద పెడితే సరిపోతుంది. ఇలాంటిది కనిపిస్తే వెంటనే కేకలేయకండి. ఎందుకు పెట్టాడో అడగండి. ప్రకటనల బాధ తప్పించుకుందామని ఇంత దూరం వెతికిన పిల్లాడి బుర్ర చురుకైనదే.

ఇక్కడ రెండు హెచ్చరికలు. మీ ఆఫీసు వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే మీరు చేయి పెట్టకండి, వాళ్ల ఐటీ విభాగాన్ని అడగండి. అక్కడి నంబర్లు అక్కడి అవసరం కొద్దీ పెట్టి ఉంటారు. రెండోది ముఖ్యమైనది. వీడియోల్లోనో వాట్సాప్ గ్రూపుల్లోనో ‘ఈ నంబరు పెడితే నెట్ స్పీడు పెరుగుతుంది’ అని వచ్చిన అంకెల్ని పెట్టకండి. మనం దారి అడిగే కొట్టువాడే మోసగాడైతే, బ్యాంకు అడిగినవాణ్ని దొంగ కొంపకి పంపగలడు. ఇది ఊహ కాదు. 2011లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బయటపెట్టిన డీఎన్ఎస్‌ఛేంజర్ ముఠా చేసింది ఇదే. వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లలో డీఎన్ఎస్ సెట్టింగును గుట్టుగా మార్చి, జనాన్ని తమకు డబ్బొచ్చే పేజీలకు మళ్లించారు. ఆ సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే అంతమందికీ నెట్ పోతుందని వాటి స్థానంలో తాత్కాలిక సర్వర్లు నడిపి, చివరికి 2012 జూలై 9న ఆపేశారు. మీ ఇంట్లో కూడా ఎవరూ పెట్టని అంకెలు కనిపిస్తే కంప్యూటర్‌ని వైరస్ పరీక్ష చేయించండి. రూటర్ పాస్‌వర్డ్ కొన్ననాటిదే ఉంటే మార్చేయండి.

వడపోత పెట్టండి, కానీ చాటుగా వద్దు

తల్లిదండ్రుల సమావేశంలో ఈ మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘సార్, పిల్లలు చెడ్డ సైట్లు చూడకుండా డీఎన్ఎస్‌తో ఆపవచ్చట కదా?’ ఆపవచ్చు. ఉదాహరణకు క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి కుటుంబాల కోసం 1.1.1.3 అనే నంబరు ఇస్తోంది. రూటర్‌లో దాన్ని పెడితే పెద్దల సైట్లకూ, వైరస్‌లు అంటించే సైట్లకూ దారి చెప్పదు. ఖర్చు లేదు. పెట్టుకోమనే నా సలహా.

అయితే దాని హద్దులు తెలుసుకుని పెట్టండి. అది పేరును బట్టి ఆపుతుందే గానీ లోపల ఏముందో చూడదు. ఒకే వీడియో సైట్‌లో పాఠమూ ఉంటుంది, పనికిరానిదీ ఉంటుంది. రెండూ దానికి ఒకటే. పిల్లలు వైఫై వదిలి సిమ్ మీదకు వెళ్తే అది అసలే పని చేయదు. ఫోన్‌లోని ప్రైవేట్ డీఎన్ఎస్‌తోనో, బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్‌తోనో వేరే కొట్టులో దారి అడగవచ్చు. కాబట్టి ఈ వడపోత గేటుకి పెట్టిన గొళ్లెం లాంటిది. గొళ్లెం ఉండాలి. గొళ్లెం పెట్టాం కదా అని పిల్లల్ని పట్టించుకోవడం మానేస్తేనే చిక్కు.

దీని గురించి పిల్లలకు చెబితే తప్పించుకునే దారి మనమే చూపించినట్టు అవుతుందని కొందరు తల్లిదండ్రులు అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ దారులు వాళ్లకు మనకంటే ముందే తెలుసు. చాటుగా పెట్టిన వడపోతతో రెండు నష్టాలున్నాయి. ఏదో ఒక రోజు చదువుకు అవసరమైన సైట్ కూడా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో పిల్లలకు తెలియదు, పెట్టిన సంగతి మనకు గుర్తుండదు. మళ్లీ అదే గొడవ. రెండోది, తమ మీద నిఘా పెట్టారని తర్వాత తెలిసినప్పుడు పిల్లలు మనసు మూసేసుకుంటారు. ‘ఇది పెడుతున్నాను, ఇందుకు పెడుతున్నాను, నీకు కావలసింది ఏదైనా ఆగితే చెప్పు’ అని ఎదురుగా చెబితే వాళ్లే వచ్చి చెబుతారు.

ఇంకో చిన్న అలవాటు చేసుకోండి. గ్యాస్ బుక్ చేసిన తేదీ క్యాలెండర్ మీద రాసుకునే ఇళ్లు మనవి. అలాగే ఒక చిన్న పుస్తకంలో, ఏ పరికరంలో ఏ సెట్టింగ్ ఎవరు ఎప్పుడు మార్చారో ఒక్క వరసలో రాసి రూటర్ పక్కనే పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పుస్తకం మా అమ్మాయి చేతిలో ఉంది. మొదటి పేజీలో మొదటి వరస నా పేరు మీదే రాసింది.

‘ఇదంతా మాకెందుకు సార్, మేం కంప్యూటర్ మనుషులం కాదు’ అని మీరు అనవచ్చు. ఫీజు కట్టి చదివిస్తున్నాం, ఇది కూడా మేమే చూడాలా అనీ అనిపించవచ్చు. బల్బు పోతే ముందు స్విచ్ చూస్తాం, తర్వాత ఫ్యూజు చూస్తాం, ఆ తర్వాతే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాం. అందుకు ఎవరూ ఇంజినీరింగ్ చదవలేదు. పిల్లల చదువులో సగం పని నెట్ మీద నడుస్తున్న రోజుల్లో ఇదీ ఆ పాటి ఇంటి పనే. మీకు కుదరకపోతే పిల్లలతోనే చేయించండి. పక్కన కూర్చుంటే చాలు. పరీక్షల్లో మార్కులు వచ్చినా రాకపోయినా, కంగారు పడకుండా ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ లోపాన్ని పట్టుకోవడం వాళ్లకు జీవితమంతా పనికొస్తుంది.

బడి వైపు నుంచి ఒక మాట

చివరగా మా వైపు కూడా చూసుకోవాలి. ఇది సంస్థ నిర్ణయం కాదు, ఒక ఉపాధ్యాయుడిగా నా అభిప్రాయం. రాత్రి 9 గంటలకు తలుపు మూసేసే పోర్టల్‌కి, పని చేయని పిల్లాడికీ పని చేసి పంపలేకపోయిన పిల్లాడికీ తేడా తెలియదు. ఆ తేడా టీచర్‌కి తెలియాలి. నెట్ సమస్య వచ్చిందని తల్లిదండ్రులు గడువు లోపలే తెర ఫొటో తీసి పంపితే, మర్నాడు ఉదయం పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ప్రాజెక్టును పూర్తి మార్కులతో తీసుకోవాలి. దీన్ని మా సిబ్బంది సమావేశంలో అడగబోతున్నాను. మీరూ తరగతి టీచర్‌ని కలిసినప్పుడు అడగండి.

మా అమ్మాయి ప్రాజెక్టును మర్నాడు తీసుకున్నారు గానీ ఆలస్యానికి మార్కులు తగ్గాయి. నా కూతురు కాబట్టి మినహాయింపు అడగడం బాగుండదని ఊరుకున్నాను. మార్కుల గురించి ఆ పిల్ల పెద్దగా బాధపడలేదు. ‘నువ్వు నన్ను నమ్మలేదు’ అని మాత్రం రెండు రోజుల తర్వాత అంది. క్షమించమని అడిగాను. సెట్టింగ్ సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ మాట సరిచేయడానికి ఇంకా సమయం పడుతుంది.

ఈసారి మీ ఇంట్లో ‘నెట్ రావట్లేదు’ అన్న మాట వినబడితే, పిల్లల ముఖం వైపు కాకుండా ముందు తెర వైపు చూడండి. 8.8.8.8 అని కొట్టి చూడండి.

— కంప్యూటర్ సైన్స్ ఉపాధ్యాయుడు